తోమా కాచుకొనిన ఎనిమిది దినములు

పాఠ్యభాగము: యోహాను 20:24-29

పునరుత్థాన దినమున సాయంకాలము ప్రభువు శిష్యులకు కనబడినప్పుడు తోమా అక్కడ లేడు. తక్కినవారు తాము ప్రభువును చూచితిమని చెప్పినను, గాయములను తాకి చూచిననేగాని నమ్మనని అతడు ఖండితముగా పలికెను. ప్రభువు మరల వచ్చుటకు ఎనిమిది దినములు పట్టెను. ఈ దినములను మనము చదువునప్పుడు త్వరగా దాటిపోవుచున్నాము.

ఇరువదియారవ వచనమును జాగ్రత్తగా చూడుడి. శిష్యులు మరల ఇంటిలోపల కూడియున్నప్పుడు తోమాయు వారితో ఉండెను. పదిమంది కన్నులార చూచిన సంగతిని ఒకడు కాదనుచున్నాడు. అయినను నమ్మువరకు మా మధ్యకు రావద్దని వారతనిని వెలివేయలేదు. అతడును అలిగి పోలేదు. వారు అతనిని ఒప్పింపలేకపోయిరి గాని, అతని చోటు అతనికి ఉంచిరి.

ప్రభువు వచ్చి, మొదట సమాధానము పలికి, తోమా కోరిన గురుతులనే అతనికి చూపెను. హెచ్చరిక ఆ పిమ్మట వచ్చినది. తోమా నిజముగా వ్రేలు పెట్టెనని సువార్త చెప్పదు. అది చిత్రకారుల ఊహ. వాక్యములో నున్నది అతని ఒప్పుకోలే. యేసును తన ప్రభువనియు తన దేవుడనియు అతడు పిలిచెను. ఈ సువార్తలో ఇంతకంటె గొప్ప ఒప్పుకోలు మరి యే శిష్యుని నోటను వినబడదు. పేతురు ముమ్మారు బొంకినను 'బొంకిన పేతురు' అని మనమెవరమును అనము; తోమాకు మాత్రము 'సందేహి' యను పేరు నిలిచిపోయినది. ప్రాణాపాయమని తెలిసియు ప్రభువుతో యూదయకు వెళ్లుదమని తోటివారిని పురికొల్పినవాడు ఇతడే గదా (11:16)!

మన సంఘములలో కళాశాల విద్యార్థి ఎవడైన సృష్టిని గూర్చియో, నిరపరాధుల బాధలను గూర్చియో ప్రశ్న వేసినయెడల, "తర్కింపకు, ప్రార్థన చేసికో" అని పెద్దలు నోరు మూయించుదురు. తరువాతి ఆదివారము అతడు రాడు. అవిశ్వాసియై పోయెనని మనమందుము; తలుపు లోపలనుండి వేయబడినదని తలంపము.

తలుపు వేయుటకు సందేహమొక్కటే సాకు కాదు. 1866లో మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినప్పుడు, అట్టివారిని చేర్చుకొన్నచో తాము రామని ఒంగోలులోని అగ్రవర్ణస్థులు మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారికి తెలియజేసిరి. ఆయన కలత చెందెను. ఆయనయు భార్యయు వేరువేరుగా బైబిలు తెరువగా, లోకము నీచముగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను తెలుపు 1 కొరింథీయులకు మొదటి అధ్యాయమే ఇద్దరికిని కనబడెనని ఆయన చరిత్ర చెప్పుచున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అయినను మన గ్రామములు కొన్నింటిలో నేటికిని మాలలకొక దేవాలయము, మాదిగలకొక దేవాలయము!

దుర్బోధకులను గూర్చి అంత కఠినముగా వ్రాసిన యూదాయు, సందేహపడువారి యెడల కనికరమే చూపుమనెను (యూదా 22).

ఆలోచించుటకు: గడచిన సంవత్సరములో మీ సంఘమునకు రాక మానినవారెవరు? వారి యింటికి ఎవరు వెళ్లిరి?