వెదర్ యాప్ ఏది నమ్మాలి? మీ ఫోన్‌లోనే టెస్ట్ చేసుకునే పద్ధతి

ప్లే స్టోర్‌లో వెదర్ అని కొడితే యాప్‌లు కుప్పలుగా వస్తాయి. చాలావాటికి రేటింగ్ నాలుగు పైనే. ఆ స్టార్లు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది విడ్జెట్ బాగుందనో, మబ్బుల యానిమేషన్ బాగుందనో ఇచ్చినవాళ్లు. "రేపు వాన" అని యాప్ చెప్పినప్పుడు నిజంగా పడిందా లేదా అని లెక్క రాసుకుని రేటింగ్ ఇచ్చేవాళ్లు ఎంతమంది? కెమెరా శాంపిల్స్ చూడకుండా ఫోన్ కొనని మనం, వెదర్ యాప్‌ని మాత్రం ఐకాన్ చూసి ఇన్‌స్టాల్ చేసేస్తాం.

భవానీపురంలో ఉండేవాళ్లకి ఇది సరదా విషయం కాదు. ముందు కృష్ణ, వెనక బుడమేరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 గుర్తు చేసుకోండి. వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, అంటే మనకి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో. మ్యాప్‌లో ఆ చుక్క ఒక్కటే చూసినవాళ్లకి "శ్రీకాకుళం వైపు పోతోంది, మనకేం కాదులే" అనే అనిపిస్తుంది. వాన మాత్రం విజయవాడ మీద కుమ్మేసింది. వాయుగుండం కేంద్రం ఒకచోట, కుండపోత ఇంకోచోట ఉండటం మామూలే. అందుకే యాప్‌లో చూడాల్సింది చుక్క కాదు, వాన పడే ప్రాంతాన్ని రంగుల్లో చూపించే లేయర్.

ఇప్పుడు అసలు సంగతి. చాలా యాప్‌లు సొంతంగా వాతావరణాన్ని లెక్కగట్టవు. పెద్ద సంస్థలు సూపర్ కంప్యూటర్ల మీద నడిపే మోడల్స్ నుంచి డేటా తీసుకుని, పైన రంగులు అద్ది మనకి చూపిస్తాయి. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ అందరూ వాడేవి. జీఎఫ్ఎస్ ప్రపంచాన్ని సుమారు 13 కిలోమీటర్ల గడులుగా, యూరప్ మోడల్ సుమారు 9 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది. మన దేశం 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి 6 కిలోమీటర్లు. 9 కిలోమీటర్ల గడి అంటే గొల్లపూడి, భవానీపురం, వన్‌టౌన్ దాదాపు ఒకే పిక్సెల్! కాబట్టి "మీ వీధిలో 4:20కి వాన మొదలవుతుంది" అని మూడు రోజుల ముందే చెప్పే యాప్ కనిపిస్తే కొంచెం నవ్వుకుని పక్కన పెట్టండి.

"ప్రస్తుత ఉష్ణోగ్రత" కూడా అంతే. చాలాసార్లు అది దగ్గర్లోని ఎయిర్‌పోర్ట్ రీడింగ్. మనకి ఎయిర్‌పోర్ట్ అంటే గన్నవరం, భవానీపురం నుంచి గీత గీసినా 20 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ పొలాల మధ్య రన్‌వే, ఇక్కడ కొండ పక్కన కాంక్రీటు. మే నెలలో రెండింటికీ తేడా ఉండదా మరి.

అందుకే నేను ఏ యాప్‌కైనా పెట్టే మొదటి పరీక్ష ఇది: డేటా ఎక్కడి నుంచి వస్తోందో చెబుతోందా? సెట్టింగ్స్‌లోనో అబౌట్ పేజీలోనో సోర్స్ పేరు లేకపోతే అన్‌ఇన్‌స్టాల్. ఈ విషయంలో విండీ నాకు నచ్చుతుంది. ఒకే చోట మోడల్ మార్చి చూడొచ్చు. రెండు మోడల్స్ ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది. ఒకటి 20 మి.మీ., ఇంకోటి 150 మి.మీ. అంటుంటే ఆ ఫోర్‌కాస్ట్ ఇంకా కుదురుకోలేదని అర్థం, ఆరు గంటలు ఆగి మళ్లీ చూడాలి. ఒక్క నంబర్ చూపించే యాప్‌లో ఈ సందేహం మీకు కనపడనే కనపడదు.

మి.మీ. అంటే ఏంటో చాలామందికి క్లారిటీ ఉండదు. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 100 మి.మీ. పడితే 10,000 లీటర్లు! వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. యాప్‌లో మబ్బు, మూడు చుక్కల ఐకాన్ 5 మి.మీ.కీ అదే, 200 మి.మీ.కీ అదే అయితే ఆ యాప్ మనకి పనికిరాదు. శాతం కూడా అంతే: "80% వాన" అంటే పెద్ద వాన అని కాదు, పడే అవకాశం ఎక్కువ అని మాత్రమే. తుంపర పడినా అది కరెక్టే అవుతుంది.

ఇక టెస్ట్ ఎలా చేయాలి? రెండు మూడు యాప్‌లు తీసుకోండి. రోజూ రాత్రి 9కి మరుసటి రోజు ఫోర్‌కాస్ట్ స్క్రీన్‌షాట్ తీయండి. మేడ మీద పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న డబ్బా పెట్టి, ఉదయం 8:30కి స్కేలుతో నీళ్లు కొలవండి. వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క కూడా ఆ టైమ్‌కే మారుతుంది. ఒక నెల చాలు, అదీ జూన్ తర్వాతే. ఫిబ్రవరిలో టెస్ట్ చేస్తే రోజూ "వాన లేదు" అనే యాప్‌కి కూడా నూటికి తొంభై పైనే మార్కులొస్తాయి.

లెక్క కట్టేటప్పుడు మొత్తం కరెక్ట్ ఎన్ని అని చూడకండి. 30 రోజుల్లో 10 రోజులు వాన పడిందనుకుందాం. ఒక యాప్ రోజూ వానే అంది: పదికి పది పట్టుకుంది, కానీ 20 సార్లు ఉత్తుత్తి హెచ్చరిక. ఇంకో యాప్ 9 రోజులు వాన అంది, అందులో 7 నిజం, 2 ఉత్తుత్తి, 3 మిస్. బైక్ మీద ఆఫీసుకెళ్లేవాళ్లకి రెండోదే బెటర్. కానీ గ్రౌండ్ ఫ్లోర్‌లో అమ్మమ్మ, తాతయ్య ఉన్న ఇంట్లో ఒక్క మిస్ ఖరీదు పది ఉత్తుత్తి హెచ్చరికల కంటే ఎక్కువ. కాబట్టి మిస్‌లని విడిగా లెక్కేయండి.

వేసవి సాయంత్రాల్లో వచ్చే ఉరుముల వానకి ఈ ఫోర్‌కాస్ట్‌లు పెద్దగా పనిచేయవు. అప్పుడు రాడార్ కావాలి. మనకి మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. వాతావరణ శాఖ 2020లో తెచ్చిన మౌసమ్ యాప్‌లో రాడార్ చిత్రాలు చూడొచ్చు. యాప్ డిజైన్ గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది, డేటా మాత్రం అసలైనది. పిడుగులకి దామిని యాప్ విడిగా పెట్టుకోండి, పుణెలోని ఐఐటీఎం చేసింది.

పర్మిషన్ల దగ్గర జాగ్రత్త. 2017లో ఆక్యువెదర్ ఐఫోన్ యాప్, లొకేషన్ ఆఫ్ చేసినా వైఫై వివరాలు వేరే కంపెనీకి పంపుతోందని ఒక సెక్యూరిటీ రీసెర్చర్ బయటపెట్టాడు. 2019లో వెదర్ చానెల్ యాప్ మీద లాస్ ఏంజెలిస్ సిటీ అటార్నీ లొకేషన్ డేటా విషయంలోనే కేసు వేశారు. వాతావరణం చెప్పడానికి మీరు ఏ ఇంట్లో ఉన్నారో తెలియక్కర్లేదు. ప్రిసైజ్ లొకేషన్ ఆఫ్ చేసి, ఊరు పేరు టైప్ చేసుకోండి.

ఊరు పేరు అన్నాను కదా, భవానీపురం ఒక్కటే సేవ్ చేస్తే చాలదు. బుడమేరు నీళ్లు మైలవరం వైపు కొండల నుంచి వస్తాయి. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆ నీటిని డైవర్షన్ చానెల్‌లోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. 2024లో ఆ చానెల్ గట్టుకి గండ్లు పడ్డాయి, కృష్ణ కూడా నిండుగానే ఉంది. సింగ్‌నగర్‌లో వాన తగ్గాక కూడా రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ రోజుల్లో ఫోన్‌లో ఎండ బొమ్మ కనిపించినా అబద్ధం కాదు, ఎందుకంటే వెదర్ యాప్ చెప్పేది పైనుంచి పడే నీటి గురించే, పక్కనుంచి వచ్చే నీటి గురించి కాదు. అందుకని మైలవరం, జి.కొండూరు కూడా లొకేషన్లుగా యాడ్ చేయండి.

వరదకి వేరే యాప్ ఉంది. కేంద్ర జల సంఘం 2023 ఆగస్టులో తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియాలో నదుల నీటిమట్టాలు, ఏడు రోజుల వరకు వరద అంచనా దొరుకుతాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండో హెచ్చరిక ఇస్తారు. 2024 సెప్టెంబర్‌లో అక్కడ దాటింది 11.4 లక్షలకి పైనే.

చివరగా రెండు సెట్టింగ్స్. ఎన్‌డీఎంఏ వాళ్ల సచేత్ యాప్ వేసి మన జిల్లా సెలెక్ట్ చేయండి, ఎరుపు, నారింజ హెచ్చరికలు అధికారికంగా అందులో వస్తాయి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతికి ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది సెల్ టవర్ నుంచి నేరుగా వచ్చే మెసేజ్, డేటా ప్యాక్ అయిపోయినా వస్తుంది. అమ్మానాన్నల ఫోన్లలో కూడా చెక్ చేయండి, సౌండ్ భరించలేక ఎప్పుడో ఆఫ్ చేసేసి ఉంటారు.