వార్ధక్యమున స్వశక్తి

కాళిదాస మహాకవి రచించిన కుమారసంభవమున అయిదవ సర్గము పార్వతీదేవి తపస్సును వర్ణించును. పరమేశ్వరుడు బ్రహ్మచారి వేషమున ఆమె ఆశ్రమమునకు వచ్చి కుశలప్రశ్నలు గావించును. హోమమునకు సమిధలు, దర్భలు, స్నానమునకు తగిన జలము లభించుచున్నవా యని అడిగి, ఆమె తన శక్తికి తగినట్లుగ తపస్సు చేయుచున్నదా యని కూడ ప్రశ్నించును. ధర్మమునకు దేహమే తొలి పనిముట్టను భావము గల ప్రసిద్ధవాక్యము ఆ ప్రశ్న వెంటనే వచ్చును. వాక్యమును అందరును స్మరింతురు. దానికి ముందున్న ప్రశ్నను స్మరించువారు అరుదు.

స్వశక్తికి రెండు హద్దులు కలవు. శక్తికి మించి చేయుట ఒక దోషము. శక్తి యుండియు చేయకుండుట మరియొక దోషము. వార్ధక్యమున ఈ రెండవదియే ఎక్కువగ కనబడును. మొదటిదానిని లోకము వెంటనే గుర్తించి వారించును. రెండవదానికి విశ్రాంతి యనియు, సేవ యనియు మంచి పేర్లు కలవు గనుక అది దోషముగ తోచదు.

కృష్ణాతీరమున ఒక గ్రామములో 74 ఏండ్ల వృద్ధమాత యొకరు ప్రతిదినము రామాలయమున 11 ప్రదక్షిణములు చేసెడివారు. ఒక కార్తికమాసమున తెల్లవారుజామున స్నానమునకు పోవుచు తడిబండపై కాలుజారి పడిరి. పడినది నిలుచున్న ఎత్తునుండియే. అయినను కుడి తుంటి వద్ద ఎముక విరిగినది. యౌవనమున ఇట్టి పాటుకు చర్మము గీసికొనిపోవుటతో సరిపోవును. వయస్సు మీరిన కొలది, ముఖ్యముగ స్త్రీలకు ఋతుధర్మము నిలిచిన తరువాత, ఎముకలోని సారము తగ్గి లోపల బోలుతనము వచ్చును. అందుచేతనే చిన్న పాటు పెద్ద విరుగుడు అగుచున్నది.

ఇంటివారికి మొదట తోచినది కట్టు కట్టించుట. ఎముకలకు కట్టు కట్టుటలో పేరొందిన పల్లెలు మన ప్రాంతమున కలవు. చేతిమణికట్టు వంటి చోట్ల కట్టు నిలుచును. తుంటి సంగతి వేరు. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగ ఉండి కటియెముక గుంటలో తిరుగును. బంతికి దిగువను మెడవంటి సన్నని భాగము కలదు. బంతికి చేరవలసిన రక్తములో అధికభాగము ఆ మెడ మీదుగనే పోవలెను. మెడ విరిగినచో రక్తపు దారి తెగును. అదియును గాక ఆ చోటు లోతైన కండరముల నడుమ నున్నది. పైనుండి ఎంత బిగించి కట్టినను లోపలి ఎముక కదలక మానదు. శస్త్రచికిత్స లేకున్నచో రోగి నెలల తరబడి మంచమున పడియుండవలెను. అంతలో వీపున పుండ్లు పడుట, ఊపిరితిత్తులలో కఫము నిండుట, కాలి సిరలలో రక్తము గడ్డకట్టుట మొదలగు ఉపద్రవములు వచ్చును. పెద్దవారి ప్రాణములు పోవుట విరిగిన ఎముకవలన కంటె ఈ ఉపద్రవముల వలననే ఎక్కువ. కనుక వైద్యులు విరిగిన బంతిని తొలగించి లోహపు బంతిని అమర్చిరి.

అసలు పరీక్ష ఆ తరువాతనే ఆరంభమైనది. శస్త్రచికిత్స జరిగిన మరునాటి ఉదయమున ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆమెను మంచము ప్రక్కన కూర్చుండబెట్టి, వాకరు పట్టించి నిలువబెట్టెను. కుమారుడు అడ్డుపడి, “నిన్న కోసి నేడు నిలువబెట్టుదురా?” అనెను. ఈ ప్రశ్న ప్రతి యింటివారును అడుగునదే. బ్రిటనులో 2011లో వెలువడిన వైద్యమార్గదర్శకములు తుంటి విరిగినవారిని, వారించు కారణము వేరొకటి లేనిచో, శస్త్రచికిత్స మరునాడే లేపి నిలువబెట్టవలెనని చెప్పుచున్నవి. మన దేశపు వైద్యులును ఇట్లే చేయుచున్నారు. లోహపు బంతి దేహభారమును మొదటి దినము నుండియే మోయగలదు. మోయలేకపోవునది కండరము. మంచమున గడచిన ప్రతి దినము దానిని మరింత బలహీనపరచును.

మంచము చేయు హాని ఎంతయో పరిశోధకులు కొలిచి చూచిరి. 1966లో అమెరికాలోని డల్లస్ నగరమున 20 ఏండ్ల యువకులు అయిదుగురిని 3 వారములు మంచముపై ఉంచి వారి శ్రమశక్తిని పరీక్షించిరి. 30 సంవత్సరముల పిమ్మట ఆ అయిదుగురినే మరల పరీక్షింపగా, 30 ఏండ్ల వయోభారము తగ్గించిన దానికంటె ఆనాటి 3 వారముల శయనము తగ్గించినదే ఎక్కువ యని తేలినది. ఇక వృద్ధుల మాట. 2007లో ప్రకటితమైన మరియొక అమెరికా పరిశోధనలో, సగటున 67 ఏండ్లు గల ఆరోగ్యవంతులు 12 మంది 10 దినములు మంచముపై ఉండగా, వారి కాళ్ళలోని కండ ఇంచుమించు ఒక కిలో తగ్గినది. వీరికి జ్వరము లేదు, గాయము లేదు. కేవలము పడుకొని యుండిరి.

దీనికి ఎదురుగ నిలుచు సత్యము కూడ కలదు. 1990లో బోస్టను నగరమున వృద్ధుల సంరక్షణాలయమందున్న పదిమంది, సగటున 90 ఏండ్ల వయస్సువారు, 8 వారములు తొడకండరములకు క్రమముగ బరువు పెంచుచు వ్యాయామము చేసిరి. వారి కాలిబలము సగటున రెట్టింపునకు మించి పెరిగినది. ఇద్దరు చేతికర్రను విడిచి నడచిరి. అభ్యాసము మానిన 4 వారములలోనే లభించిన బలములో కొంత పోయినది. తొంబదవ యేట గూడ కండరము పిలిచిన పలుకుననియు, పిలుచుట మానిన మరచుననియు ఈ పరీక్ష తెలుపుచున్నది.

ఇంటికి వచ్చిన పిదప ఆ వృద్ధమాతకు కలిగిన చిక్కు ఇంటివారి ప్రేమయే. “మీరు కదలవద్దు అత్తయ్యగారూ, అన్నియు ఇచ్చటికే తెచ్చెదను” అని కోడలు భోజనము మంచము వద్దకే తెచ్చెడిది. స్నానమునకు మారుగ తడిగుడ్డతో తుడిచెడిది. కుమారుడు వాకరును గోడమూలకు చేర్చెను. ఆ యిల్లాలి సేవలో కపటము లేదు. అత్తగారిని అంత భక్తితో చూచువారు అరుదు. అయినను మూడు వారములకు ఆమె కూర్చున్నచోటి నుండి పట్టులేక లేవలేని స్థితికి వచ్చిరి. తిరిగి చూపించుటకు తీసికొనిపోగా వైద్యుడు కోడలితో, “మీరు పళ్ళెము మంచము వద్దకు తేవలదు, ఆమెనే పళ్ళెము వద్దకు తెండు” అని మాత్రము చెప్పెను.

వృద్ధులు ఎంత శ్రమింపవచ్చునను విషయమున మన ప్రాచీన వైద్యగ్రంథములను చూచినవారికి ఒక సందేహము కలుగును. వాగ్భటుని అష్టాంగహృదయము వ్యాయామము కూడనివారిలో వృద్ధులను చేర్చినది. అచ్చట వ్యాయామమనగా దేహమునకు ఆయాసము కలిగించు కర్మ యని గ్రహింపవలెను. మల్లవిద్య వంటివి అట్టివి. సుశ్రుతుడు నడకను వేరుగ పేర్కొని, దేహమును మిక్కిలి బాధింపని నడక ఆయుర్బలములను, మేధను, జఠరాగ్నిని పెంచునని ప్రశంసించెను. బలములో సగమే వినియోగింపవలెనని చెప్పి ఆ సగమునకు గుర్తును కూడ చూపెను. శ్వాస నోటి గుండ వెడలుట మొదలైనచో సగము బలము వ్యయమైనట్లు. నేటి వైద్యులు నడచునప్పుడు మాటలాడగలిగిన చాలునని చెప్పుదురు. ఇంటి చావడిలో నడచువారు విష్ణునామములను పైకి పలుకుచు నడచిన ఈ రెండు కొలతలును ఒక్కసారిగ కుదురును. నామము నడుమ తెగి ఊపిరికై ఆగవలసివచ్చినచో కూర్చుండవలెను.

నడక పద్ధతిలో కొన్ని సూక్ష్మములు కలవు. వాకరు ముందు, చికిత్స జరిగిన కాలు తరువాత, మంచి కాలు పిమ్మట. చేతికర్రకు మారిన పిదప దానిని చికిత్స జరిగిన వైపు పట్టువారు పెక్కుమంది. అది తప్పు. కుడి తుంటికి చికిత్స జరిగినవారు కర్రను ఎడమచేత పట్టవలెను. కుడికాలిపై నిలిచిన క్షణమున దేహము ఎడమకు ఒరగిపోకుండ కుడి తుంటి కండరములు లాగిపట్టవలెను. ఎడమచేతి కర్ర ఆ భారములో భాగము పంచుకొనును. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు చికిత్స జరిగిన కాలు ముందు. ఇచ్చట ఆచారముతో ఒక చిక్కు వచ్చును. ఆలయమున కుడికాలు ముందు పెట్టుట మనకు అలవాటు. గడపను త్రొక్కరాదని ఎత్తైన గడపలను కూడ దాటుదుము. కుడి తుంటికి చికిత్స జరిగినవారు మెట్టుపై కుడికాలు ముందు మోపినచో దేహమంతయు ఆ కాలే ఎత్తవలసివచ్చును. కొన్ని నెలలు ఎడమకాలు ముందు పెట్టినంత మాత్రమున స్వామి అనాదరింపడు. ఆత్మప్రదక్షిణము కూడ ఇట్టిదే. తన చుట్టు తాను గిరుక్కున తిరుగుటలో చికిత్స జరిగిన కాలు మెలిపడును, తలయును తిరుగును. ఒక చేత గోడ పట్టుకొని చిన్న చిన్న అడుగులతో తిరుగవలెను. అది సాగనప్పుడు చేతులు జోడించుట చాలును.

కుర్చీ నుండి చేతుల ఊత లేకుండ లేచి కూర్చుండుట, వంటగట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించుట, పడుకొనియుండగా పాదములను పైకి క్రిందికి ఆడించుట అను మూడు అభ్యాసములను ఫిజియోథెరపిస్టు ఆమెకు నేర్పెను. నొప్పి కొంత ఉండును. మరునాటికి తగ్గు నొప్పి భయపడదగినది కాదు. కాలిపిక్క వాచి నొప్పి పుట్టినను, గాయము ఎఱ్ఱబడి రసి కారినను, జ్వరము వచ్చినను, రొమ్మున నొప్పి గాని ఆయాసము గాని తోచినను అభ్యాసము ఆపి తక్షణమే వైద్యుని చూడవలెను.

ఆహార విషయమున పెద్దవారి నియమములే వారికి అడ్డు. ఆమె ఏకాదశినాడు ఉపవసించెడివారు. తక్కిన దినములలో పచ్చడి మెతుకులు, పలుచని మజ్జిగయే. గాయము మానుటకును, కండ పట్టుటకును మాంసకృత్తులు కావలెను. పప్పు, పాలు, గట్టి పెరుగు, వేరుసెనగలు ప్రతిదినము తినవలెనని వైద్యుడు చెప్పగా ఆమె అంగీకరింపలేదు. జలము, ఫలములు, పాలు, ఔషధము వ్రతమును భంగపరుపవని ధర్మశాస్త్రకారులే చెప్పిరని అర్చకులు తెలిపిన మీదట అంగీకరించిరి.

అన్నిటికంటె ఆమెను బాధించినది కుర్చీ. శస్త్రచికిత్సను బట్టి కొన్ని వారముల వరకు క్రింద కూర్చుండుట, మఠము వేసికొనుట, ముందునకు మిక్కిలి వంగుట వైద్యులు నిషేధింతురు. మోకాలి కీలు మార్పించుకొన్నవారికి కూడ నేలపై కూర్చుండుట సాధారణముగ వద్దనుచున్నారు. వంగి నేలకు నుదురు తాకింపక, దేవుని యెదుట కుర్చీపై కూర్చుండి పూజ చేయుట అపచారము కాదా యని ఆమె కన్నీరు పెట్టుకొనిరి. అర్చకులు నవ్వి, “మీ పీటకు కాళ్ళు కొంచెము పొడవైనవనుకొనండి అమ్మా” అనిరి. మరునాడు కుమారుడు దేవుని మందసమును ఎత్తైన బల్లపైకి మార్చెను. శంకర భగవత్పాదుల పేర ప్రసిద్ధమైన శివమానసపూజా స్తోత్రమున భక్తుడు తన పాదముల సంచారమునే ప్రదక్షిణముగ సమర్పించును. చావడిలో వాకరుతో సాగు నడకను ఆ విధముగ భావించుటకు ఏ ఆటంకము కలదు?

నడక వచ్చినచో అలిపిరి మెట్లెక్కెదనని ఆమె మ్రొక్కుకొనిరి. ఇట్టి మ్రొక్కులు నొప్పిలో పుట్టును. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. బాలుడైన అన్నమాచార్యులు మోకాళ్ళ పర్వతము వద్ద అలసి సొమ్మసిల్లగా అలమేలుమంగమ్మ ప్రసాదము పెట్టి ఆదరించెనని ఐతిహ్యము. అలసినవానిని అమ్మ నిందింపలేదు. వైద్యుడు మెట్లకు అనుమతింపలేదు. కొండకు బస్సులో పోయి, మ్రొక్కును దర్శనముతో చెల్లించుటకు ఆమె ఒప్పుకొనిరి.

తుంటి విరిగినవారందరును పూర్వపు నడకను పొందుదురని చెప్పరాదు. పలువురికి చేతికర్ర నిలిచిపోవును. అందుచేత మరల పడకుండ ఇంటిని సరిదిద్దుట ముఖ్యము. ఆ యింట స్నానపుగదిలో గోడకు ఇనుపకమ్మీ బిగించిరి, కమోడు అమర్చిరి, రాత్రివేళ మంచము నుండి గుమ్మము వరకు దీపము ఉంచిరి. జారు గుడ్డపట్టాలు తీసివేసిరి. రక్తపుపోటు మందు వేసికొనువారికి లేచినంతనే కన్నులు చీకట్లు కమ్ముట కలదు గనుక, మంచము అంచున కొంతసేపు కూర్చుండి లేచుట అలవాటు చేసిరి.

అయిదవ నెలలో శ్రీరామనవమి వచ్చినది. ఆమె ఎడమచేత కర్ర పట్టి రామాలయమున ప్రదక్షిణము మొదలిడిరి. కుమారుడు రెండు చేతులు చాచి వెనుకనే నడచుచుండెను. ఆమె వెనుదిరిగి, “చేతులు దించుకో నాయనా, చూచువారికి నేను పడబోవుచున్నట్లుండును” అనిరి. ఆనాడు 5 ప్రదక్షిణములు పూర్తియైనవి. 11 ఇంకను కాలేదు.