నోటరీ చేసిన పంపకాల కాగితం కోర్టులో నిలుస్తుందా?

అన్నదమ్ములు పొలం పంచుకుని, స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముద్ర వేయించి బీరువాలో దాచుకోవడం మన ఊళ్లలో మామూలే. ఏళ్ల తర్వాత గట్టు తగాదా వచ్చి ఆ కాగితం కోర్టుకెక్కితే అవతలి వకీలు ముందుగా అడిగేది ముద్ర గురించి కాదు, రిజిస్టరయిందా అని.

ఫలానా తేదీన ఫలానా వాళ్లు తన ఎదుట సంతకాలు పెట్టారనడానికే నోటరీ ముద్ర. అది రిజిస్ట్రేషనుకు బదులు కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని కాగితం ద్వారా పంచుకుంటే రిజిస్టరు చేయించాల్సిందే. నూరు రూపాయలకు ఇవాళ గజం నేలయినా రాదు కాబట్టి ఎవరికీ మినహాయింపు లేనట్టే.

అలాగని మీ కాగితాన్ని పారేయకండి. ముందు అందులోని మాట చూడండి. "ఈ రోజు పంచుకుంటున్నాము" అని ఉంటే పంపకం ఆ కాగితంతోనే జరిగినట్టు. "ఫలానా ఏడు పెద్దల ఎదుట నోటిమాటగా పంచుకున్నాము, ఎవరి వాటా వారు సాగు చేసుకుంటున్నాము, గుర్తు కోసం రాసుకున్నాము" అని ఉంటే అది జ్ఞాపక పత్రం. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో కాలే కేసులో చెప్పింది. అయితే వకీలు చేత మాట మార్చి రాయించుకుంటే సరిపోదండీ. పంపకం నిజంగా ముందే జరిగిందని చూపాలి. విడివిడి పాసుపుస్తకాలు, అడంగల్ లేదా పహాణీ నకళ్లు, ఎవరి పేరున వారు తీసుకున్న పంట రుణాలు, మోటారు కరెంటు బిల్లులు, పంచిన పెద్దమనుషుల సాక్ష్యం, ఇవే మీకు బలం.

మొదటి రకం కాగితంతో వాటా మీద హక్కు రుజువు కాదు. కానీ కుటుంబం విడిపోయిందనీ, ఎవరి స్వాధీనం ఎలాంటిదనీ చూపడానికి పనికొస్తుందని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి చెప్పింది. స్టాంపు తక్కువైతే మాత్రం దానికీ పనికిరాదు. లోటు సొమ్ము, దాని మీద పదింతల పెనాల్టీ కట్టాకే కోర్టు దాన్ని చూస్తుంది.

సంతకం నాది కాదని అవతలివాళ్లు బుకాయిస్తే నోటరీకి సమన్లు వేయించి, ఆయన రిజిస్టరు తెప్పించమని కోరవచ్చు. కాగితం మీది వరుస నంబరు రాసి పెట్టుకోండి.

వీలునామా సంగతి వేరు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. బతికున్న వారిలో ఒక్కరైనా కోర్టులో చెప్పాలి. అందుకే సాక్షులుగా పెద్దాయన ఈడువాళ్లను కాక, వయసులో చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను పెట్టుకోండి.