మందుల షాపులో చేయవలసినవి, చేయకూడనివి

మాత్రల స్ట్రిప్ వెనక ఉన్న సన్న అక్షరాలు చదవకుండా డబ్బు చెల్లించకండి. అక్కడి ముఖ్యమైన వివరాలు చట్టం అడిగితేనే కంపెనీ అచ్చు వేసింది.

చేయవలసినవి

బ్రాండు పేరు చూసి సరిపెట్టుకోకుండా, అసలు మందు పేరును డాక్టరు చీటీతో పోల్చి చూడండి. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ రెండూ మలేరియా మందులే. పేర్లు అక్కచెల్లెళ్లలా ఉన్నా ఒకదాంట్లో ఉన్నది ఆర్టెసునేట్, రెండోదాంట్లో మెఫ్లోక్విన్. కాడిలా అన్న పేరునే పంచుకున్న రెండు కంపెనీల మధ్య ఈ పేర్ల పోలికపై తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సబ్బు పేరు పొరబడితే పోయేది డబ్బు, మందు పేరు పొరబడితే పోయేది ప్రాణం. అందుకే మందుల పేర్ల పోలికను మరింత కఠినంగా పరీక్షించాలని 2001లో కోర్టు తేల్చింది. అయినా వినడానికి ఒకేలా ఉండే పేర్లు ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి. ఫోన్లో పేరు చెప్పి తెప్పించుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

విడి మాత్రలు కొంటే లెక్క కట్టుకోండి. 15 మాత్రల స్ట్రిప్ ఎమ్మార్పీ 90 రూపాయలైతే, 4 మాత్రలకు 24 రూపాయలు దాటకూడదు. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వులో ఉన్న నియమమిది. కత్తెర వేసేముందే స్ట్రిప్ అడిగి గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి. తరచూ ఆ వివరాలున్న ముక్క షాపులోనే మిగిలిపోయి, మీ చేతికి వచ్చేది పేరూ ఊరూ లేని నాలుగు గోలీలు.

2023 ఆగస్టు 1 తర్వాత తయారైన 300 ప్రధాన బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఉంటే స్కాన్ చేసి చూడండి.

చేయకూడనివి

ధర చూసి భయపడి మందు మానేయకండి. అదే మందు ఇంకో కంపెనీది ఉందా, జనఔషధి కేంద్రంలో దొరుకుతుందా అని ముందు అడగండి. కాలేయ, మూత్రపిండాల కేన్సర్లకు వాడే నెక్సావర్ ఒక నెల మోతాదు, అంటే 120 మాత్రలు, దాదాపు 2,80,000 రూపాయలు ఉండేది. పేటెంటు బేయర్ కంపెనీ చేతిలో ఉండేది. ధర జనానికి అందుబాటులో లేదన్న కారణం కూడా చూపి, 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలర్ హైదరాబాదుకు చెందిన నాట్కోకు బేయర్ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారు చేసుకునే తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. అలాంటి లైసెన్సు మన దేశంలో అదే మొదటిది. నాట్కో అదే మోతాదును 8,880 రూపాయలకు మించకుండా అమ్మాలని షరతు. మరుసటి ఏడాది రక్త కేన్సర్ మందు గ్లివెక్ కేసులో నోవార్టిస్‌కు సుప్రీంకోర్టు పేటెంటు నిరాకరించింది. చౌక మందంటే నాసిరకం మందని తీర్మానించేవాళ్లు, ధరలో తేడా పేటెంటు వల్ల కూడా రావచ్చని చూపే ఈ రెండు కేసులూ గుర్తుంచుకోవాలి.

అలాగని కంపెనీని మీ అంతట మీరే మార్చకండి. మూర్ఛ, థైరాయిడ్ మందులూ, రక్తం పలచబరిచే మందులూ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా అసలు మార్చకూడదు.

“70 శాతం తగ్గింపు” బోర్డు చూసి మురిసిపోకండి. గరిష్ఠ ధర నిర్ణయించిన జాబితాలో లేని మందులకు తొలి ఎమ్మార్పీ కంపెనీ ఇష్టమే. ఆ పైన ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు, అంతే. కాబట్టి తగ్గింపు శాతాన్ని వదిలేసి మాత్ర ఒక్కంటికి ఎంత పడుతుందో చూడండి.

ఎర్రగీత ఉన్న యాంటీబయాటిక్‌ను చీటీ లేకుండా కొనకండి. గడువు తీరిన స్ట్రిప్‌ను చింపకుండా పారేయకండి.

బిల్లు లేకుండా షాపు గుమ్మం దిగకండి. ఎమ్మార్పీ మించి తీసుకుంటే 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నిబంధనా లేదు.