కిటికీ అవతలి రేల చెట్టు

మే 22, 2021

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పగలంతా ఫోను పట్టుకుని కరోనా రోగుల్లో ఎవరికి ఎక్కడ బెడ్ దొరుకుతుందో, ఆక్సిజన్ సిలిండర్ ఎవరి దగ్గరుందో వాకబు చేస్తున్నావు. మధ్యలో కిటికీ అవతల పూసిన రేల చెట్టు మీదికి చూపు పోతే తప్పు చేసినట్టు ఉంటోందని రాశావు. ఈ నెల 10వ తేదీ రాత్రి తిరుపతి ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. ఆ వార్త విన్నవాళ్ళెవరికైనా అలాగే అనిపిస్తుంది. అయినా నువ్వు ఆ చెట్టును చూడాలనే అంటాను. ఎందుకో చెబుతాను, ఒప్పుకోకపోతే వాదించు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పోల్చి చూశాడు. సగం మంది గదుల్లోంచి చెట్లు కనిపిస్తాయి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికి వెళ్ళారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. 1984లో అచ్చయిన ఈ ఫలితాన్ని సాగదీసి చెప్పకూడదు. ముందుగా అంటే సగటున ఒక రోజు కూడా కాదు. పైగా ఒకే ఆసుపత్రి, ఒకే రకం ఆపరేషన్. చెట్టు కరోనాకు మందని ఎవరైనా అంటే నమ్మకు. నా వాదనకు అంత అక్కర్లేదు కూడా. స్టీఫెన్ కప్లాన్, రేచెల్ కప్లాన్ దంపతులు 1989 నాటి తమ పుస్తకంలో చెప్పిన మాట నీకు బాగా పనికొస్తుంది. పట్టుబట్టి ఒకే పని మీద నిలిపే ధ్యాస అలిసిపోతుంది. ఆకుల కదలిక, మబ్బుల నడక లాంటివి మన మీద ఏ ఒత్తిడీ పెట్టకుండానే మనసును పట్టుకుంటాయి కాబట్టి, ఆ కాసేపట్లో అలిసిన ధ్యాస తేరుకుంటుందని వాళ్ళ అభిప్రాయం. నీ పనంతా ధ్యాసతోనే కదా? అరగంట కిందట ఖాళీగా ఉన్న బెడ్ ఇప్పుడుందో లేదో కనుక్కోవాలి, నంబరులో ఒక్క అంకె తప్పు పోకూడదు, అవతల ఏడుస్తున్న మనిషి మాట పూర్తయ్యేదాకా వినాలి. చెట్టును చూసిన పది నిమిషాలు రోగుల దగ్గర లాక్కున్నవి కావు. వాళ్ళ పనికే తిరిగి చేరతాయి.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ళ మాట అంటావేమో. నిజమే, దాన్ని కాదనను. నిరుడు ఏప్రిల్‌లో ములుగు వైపు మిరప చేలల్లో కూలికి వచ్చినవాళ్ళు లాక్‌డౌన్‌లో బస్సుల్లేక అడవి దారిన ఛత్తీస్‌గఢ్‌కు నడిచారు. వాళ్ళలో పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ఇల్లు చేరకుండానే ప్రాణం విడిచింది. వాళ్ళు నడిచిన దారి పొడుగునా చెట్లే, అప్పుడూ వసంతమే. వాళ్ళకు కావలసింది కూలి డబ్బు, బువ్వ, బస్సు. అందచందాల గురించి వాళ్ళకు చెప్పబోవడం క్రూరత్వం. లాక్‌డౌన్ వల్ల ప్రకృతి ఊపిరి పీల్చుకుందని మురిసిపోయిన మాటల్లో నాకు ఆ క్రూరత్వమే కనిపించింది. కానీ ఆ అన్యాయానికి నువ్వు కళ్ళు మూసుకోవడం పరిహారం కాదు. నువ్వు చెట్టు చూడటం మానేస్తే ఎవరికీ ఒక్క సిలిండర్ ఎక్కువ దొరకదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా లోతైనది. ఈ వైరస్ కూడా ప్రకృతిలోదే, అలాంటి ప్రకృతిలో ఓదార్పు వెతకడమేమిటని. ప్రకృతి మన తల్లి, మనల్ని లాలిస్తుందని అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు లేదు. నేను అలా అనుకోవడం లేదు. కోయిల ఇప్పుడు తెల్లవారకముందే కూయడం మొదలుపెడుతోందంటే, కాకులు గూళ్ళు కట్టే కాలం ఇదే కనుక. వాటి గూళ్ళలోనే కోయిల గుడ్లు పెట్టాలి. ఆ కూతకూ మన కష్టానికీ సంబంధం లేదు. ఏడాదికి పైగా మనం విన్న ప్రతి మాటా ఈ జబ్బు గురించే. జబ్బు సంగతి పట్టనిది ఒకటి కిటికీ అవతల తన పని తాను చేసుకుపోతుంటే, లోకం మన భయమంత చిన్నది కాదని తెలుస్తుంది. నాకు అంత ఓదార్పు చాలు.

అయితే చూడటమంటే పరిశీలించి చూడటం. నిరుడు వసంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో వాహనాల రొద తగ్గాక, పిట్టలు గొంతు పెంచినట్టు చాలామందికి అనిపించింది. అక్కడి ఒక జాతి పిచ్చుకల పాటను రికార్డు చేసి కొలిస్తే అవి అంతకుముందుకన్నా మెల్లగా పాడుతున్నాయని తేలింది. రొద లేదు కాబట్టి ఆ మెల్లని పాటే ఇంకా దూరం వినిపించింది. నీ రేల చెట్టునూ అలాగే చూడు. గుత్తి పైనుంచి కిందికి విచ్చుకుంటూ వస్తుంది. పైన పూలు వాడుతుంటే కొసన ఇంకా ఆకుపచ్చని గుండ్రటి మొగ్గలుంటాయి. పువ్వులో అయిదు పసుపు రేకులు, మధ్యలో మూడు పొడవాటి వంపు కేసరాలు. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి వాలి ఝుమ్మని ఒళ్ళు అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. నిరుటి నల్లని కాయలు కూడా కొమ్మలకు ఇంకా వేలాడుతూనే ఉంటాయి.

మీ దగ్గర లాక్‌డౌన్ సడలింపు పొద్దున ఆరు నుంచి పది దాకానే కదా, కూరలకు వెళ్ళేటప్పుడు మాస్కు తీయకుండా ఆ చెట్టు కింది నుంచే వెళ్ళు. రెండు మూడు రోజుల్లో రోహిణి కార్తె వస్తుంది, రోళ్ళు పగిలే ఎండలు. మధ్యాహ్నం ఓ గంట ఫోను మీ బృందంలో ఇంకొకరికి అప్పజెప్పి కిటికీ దగ్గర కూర్చో. తుమ్మెదలు ఏ వేళకు ఎక్కువగా వస్తున్నాయో, మృగశిర కార్తె నాటికి ఆ చెట్టు మీద ఎన్ని గుత్తులు మిగిలాయో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న