వెనక బెంచీ లేని తరగతికి కొన్ని చిట్కాలు

జూన్‌లో బడి తెరిచాక మొదటి పదిహేను రోజుల్లో పాఠాలు ఎన్ని పూర్తయ్యాయన్నది పెద్ద లెక్క కాదు. ఒకరికి జవాబు రాకపోతే మిగతావాళ్ళు కిసుక్కున నవ్వుతున్నారా, మెల్లగా అందిస్తున్నారా అన్నది చూడండి. ఆ ఏడాది తరగతి ఎలా ఉండబోతోందో అక్కడే తెలిసిపోతుంది. పిల్లలకు నవ్వడమైనా అందించడమైనా టీచరును చూస్తేనే వస్తుంది. కింద చెప్పినవాటిలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. ఒకే టీచరు అయిదు తరగతులు నడిపే బడిలో అయితే ఇవి లేకుండా పూట గడవదు.

1. హాజరు పేరు పెట్టి పిలవండి. "పదిహేడు", "యస్ సార్", "పద్దెనిమిది", "యస్ సార్" అని గడగడా లాగించేస్తే రెండు నిమిషాలు మిగులుతాయి, నిజమే. పేరుతో పిలిచి ఒక్కసారి తలెత్తి మొహం చూస్తే ఎవరు నిద్రపోలేదో, ఎవరు ఏడ్చి వచ్చారో ఆ రెండు నిమిషాల్లోనే తెలుస్తుంది. ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఇంటిపేరులో మొదటి అక్షరం కలపండి. నల్ల రాజు, ఎర్ర రాజు, పొట్టి లక్ష్మి వంటివి మీ నోటి వెంట రాకూడదు. మీరు ఒక్కసారి అంటే చాలు, ఆ పిల్లకు పదో తరగతి దాకా అదే పేరు.

2. లేటుగా వచ్చినవాళ్ళను గుమ్మం బయట నిలబెట్టకండి. ముందు లోపలికి రమ్మనండి, కారణం తర్వాత విడిగా అడగండి. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి, బిందెలు నింపి వచ్చే మూడో తరగతి ఆడపిల్లలు ఏ ఊళ్ళో లేరు?

3. ప్రశ్న వేశాక ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల టేపులు విని గమనించిన విషయం ఇది. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళూ చెప్పడం మొదలుపెట్టారు. మన దగ్గర ఎలా జరుగుతుందో చూడండి. "ఏడెనిమిదులు ఎంత?" అంటాం. ముందు వరసలో ముగ్గురు చేతులెత్తి, సగం లేచి, "టీచర్ నేను, టీచర్ నేను" అని అరుస్తారు. గోడ పక్కన కూర్చున్న పిల్లాడు అప్పుడే వేళ్ళ కణుపుల మీద ఏడేళ్ళు నలభై తొమ్మిది దాకా వచ్చాడు. ఇంకో ఏడు కలపాలి. ఈలోగా ముందు వరస నుంచి "యాభై ఆరు" అని కేక వినపడుతుంది. వాడు వేళ్ళు ముడిచేస్తాడు. రేపట్నించి లెక్కపెట్టడం కూడా మానేస్తాడు, ఎలాగూ ఎవరో ఒకరు చెప్పేస్తారు కదా.

చేతులెత్తడం ఆపించి, అందరూ పలక మీద రాసి ఒకేసారి చూపించమనండి. పలకలు లేకపోతే పాత నోటు అట్ట మీద సుద్దతో రాసినా సరే. ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో మీ కళ్ళకు కనిపిస్తుంది, పక్కవాడికి కనిపించదు.

4. "గుడ్", "వెరీ గుడ్" కాస్త తగ్గించండి. నోటు పుస్తకంలో ఎర్ర సిరాతో పొడి సంతకంలా గీకే "గుడ్" వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. ఏది బాగుందో చెప్పండి. "నిన్న 'ళ' సరిగా తిరగలేదు, ఇవాళ తిరిగింది" అంటే ఆ పిల్ల ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చూపిస్తుంది. పద్యం ఒప్పగించలేక మధ్యలో ఆగిన పిల్లాడితో "పోయినసారి రెండో పాదం దగ్గర ఆగావు, ఈసారి మూడోదాకా వచ్చావు" అనండి. పొగడ్త నిజమో కాదో పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఊరికే పొగిడితే పక్కవాళ్ళు కూడా నమ్మరు.

టీచరు మనసులో ఏమనుకుంటున్నదీ పిల్లలకు చేరుతుంది. 1968లో రోసెంథాల్, జేకబ్‌సన్ ఒక అమెరికన్ ప్రాథమిక పాఠశాలలో చేసిన ప్రయోగం గురించి పుస్తకం వేశారు. చీటీలు తీసినట్టు కొందరి పేర్లు ఎంచి, "ఈ ఏడాది వీళ్ళు బాగా ముందుకొస్తారు" అని టీచర్లకు చెప్పారు. ఒకటి, రెండు తరగతుల్లో ఆ పేర్లవాళ్ళు నిజంగానే ముందుకొచ్చారు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళ వాదన ఎలా తేలినా, "వీడికి రాదులే" అనుకున్న పిల్లాణ్ణి మనం తక్కువసార్లు లేపి అడుగుతామన్నది ఏ టీచరుకైనా తెలుసు.

5. పరీక్ష పేపర్లు మార్కుల వరసలో పంచకండి. మొదట ఫస్టు వచ్చిన పిల్ల, చప్పట్లు. చివర మిగిలిన నాలుగు పేపర్లు చేతిలో పట్టుకుని టీచరు ఒక నిట్టూర్పు. ఆ నలుగురెవరో తరగతికంతా ముందే తెలుసు, అయినా వాళ్ళు లేచి నడుచుకుంటూ రావాలి. ఎందుకిది? పేపరు మడిచి, మార్కులు లోపలికి పెట్టి, హాజరు వరసలో ఇవ్వండి. మార్కుల పక్కన ఒక్క వాక్యం రాయండి, ఈసారి ఏది సరిచూసుకోవాలో. మార్కుల్ని బట్టి సెక్షన్లు చేసి, నెలనెలా పిల్లల్ని పైకీ కిందికీ మార్చే బడులున్నాయి. అక్కడ స్నేహాలు కూడా ర్యాంకును బట్టే నడుస్తాయి. మీరు అలాంటి బడిలో పనిచేస్తున్నా, మీ పీరియడ్ నలభై నిమిషాలు మాత్రం మీ చేతిలోనే ఉంటాయి.

6. కర్ర బీరువాలోంచి కూడా తీసేయండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. గోడకుర్చీ, గుంజీలు, ఎండలో నిలబెట్టడం ఇందులోకే వస్తాయి. "మొద్దు", "మీ నాన్న పోలికే" వంటి మాటలూ అంతే. కొందరు తల్లిదండ్రులే వచ్చి "నాలుగు తగిలించండి సార్, మేమేమీ అనుకోం" అంటారు. నవ్వి ఊరుకోండి.

ఇద్దరు కొట్టుకుంటే "ముందు ఎవడు కొట్టాడు?" అని విచారణ మొదలుపెట్టకండి, అది సాయంత్రం దాకా తేలదు. ఇద్దర్నీ పక్కకు తీసుకెళ్ళి ఒకరు చెప్తుంటే రెండోవాడు అడ్డు రాకుండా వినిపించండి. తర్వాత "ఇప్పుడేం చేస్తే సరిపోతుంది?" అని వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పే పరిష్కారాలు మనకు తట్టవు. "వాడి పెన్సిలు నేను విరిచాను కాబట్టి నాది సగం విరిచి ఇస్తా" అన్నంత సూటిగా ఉంటాయి.

7. చోట్లు మార్చండి. స్థానార్థి శ్రీకుట్టన్ అనే మలయాళ సినిమా చూసి, 2025లో కేరళలోని కొన్ని బడులు బెంచీల్ని గోడల వెంట అర్ధచంద్రాకారంలో వేశాయి. ముందు వరసే తప్ప వెనక వరస లేదు. అరవై మంది కూర్చున్న ఇరుకు గదిలో అది కుదరదు. అక్కడ వారానికోసారి వరసలు జరపండి, ముందువాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ముందుకి. కంటిచూపు తక్కువున్నవాళ్ళనూ, సరిగా వినపడనివాళ్ళనూ కదపొద్దు. ఎవరు ఎవరి పక్కన కూర్చోనంటున్నారో గమనించండి. దాని వెనక చాలాసార్లు పెద్దవాళ్ళ వీధి గొడవో, కులమో ఉంటుంది. ఉపన్యాసం ఇవ్వకుండా చోట్లు మార్చేయడమే మంచిది.

8. మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని తినండి. ఇది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. భోజనం బెల్లు కొట్టగానే టీచర్లు స్టాఫ్ రూంలోకి క్యారేజీలతో వెళ్ళిపోతారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని ఎవరి గుంపు వాళ్ళుగా, చాలా ఊళ్ళలో ఎవరి వాడ వాళ్ళుగా కూర్చుంటారు. మీరు వెళ్ళి రోజుకో గుంపులో కూర్చోండి. నాలుగైదు రోజులకు గుంపులు కలవడం మొదలవుతుంది, ఎందుకంటే మీ పక్కన చోటు కోసం అందరికీ పోటీ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఏ వేళ ఎవరొచ్చినా, ఎవరని అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. ఆ పేరు గోడ మీద రాసిన చోటే వరసలు వేరుగా ఉంటే ఏం బాగుంటుంది?

ఇంటినుంచి బాక్సులు తెచ్చుకునే బడుల్లో ఎవరి బాక్సులో ఏముందన్న పోలిక మొదలవుతుంది. దీనికి టోక్యోలో కొబాయాషి అనే హెడ్మాస్టరు ఒక ఉపాయం పట్టారు. తెలుగులో రైలుబడిగా వచ్చిన తొత్తోచాన్ పుస్తకం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సముద్రంలోది కాస్త, కొండమీదిది కాస్త తెమ్మనేవారు. ఖరీదైనది తెమ్మనలేదు. పిల్లలు తమ కూర ఏ లెక్కలోకి వస్తుందో తేల్చుకునే సరదాలో పడిపోయేవారు. మనం "నేల కింద పండింది ఒకటి, నేల మీద పండింది ఒకటి" అనవచ్చు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తెచ్చినవాడు కూడా నెగ్గుతాడు.

9. పాఠాన్ని ముక్కలు చేసి పంచండి. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్ బడుల్లో నల్ల, తెల్ల పిల్లల్ని ఒకే తరగతిలో కలిపినప్పుడు గొడవలు మొదలయ్యాయి. ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అక్కడ ఈ పద్ధతి పెట్టారు. మనం గోదావరి పాఠంతో చేసి చూద్దాం. నలుగురేసి జట్లు. ఒకరికి నది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టడం, ఒకరికి బాసర నుంచి భద్రాచలం దాకా నడక, ఒకరికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర సంగతి, ఒకరికి పాయలు, లంకలు, సముద్రం. అన్ని జట్లలోని ఆనకట్టవాళ్ళంతా ఒకచోట కూర్చుని తమ ముక్క గట్టిగా నేర్చుకుంటారు. తర్వాత ఎవరి జట్టుకు వాళ్ళు వెళ్ళి మిగతా ముగ్గురికీ చెప్తారు. చివర్లో పరీక్ష మొత్తం పాఠం మీద.

ఇక్కడ కిటుకు ఒకటే. ఎవరూ పట్టించుకోని పిల్ల దగ్గర ఒక ముక్క ఉంది, అది ఇంకెవరి దగ్గరా లేదు. ఆమె చెప్తుంటే ఫస్టు ర్యాంకు పిల్లాడు కూడా పెన్ను పట్టుకుని వినాల్సిందే. మొదటి రెండుసార్లు గోల గోలగా ఉంటుంది, పక్క తరగతి టీచరు వచ్చి తొంగి చూస్తారు. కానివ్వండి.

10. ఇంటి మాటను వెక్కిరించకండి, వెక్కిరించనివ్వకండి. కరీంనగర్ పిల్ల "అచ్చిన" అన్నా, అనంతపురం పిల్లాడు "వచ్చినా" అన్నా అది తెలుగే. రాతలో పుస్తకం భాష నేర్పుదాం, నోట్లో మాట లాక్కోవద్దు. కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలకైతే బడి మొదటిరోజే పరాయి ఊరు. వాళ్ళ భాషల్లో వాచకాలు వేసి చిన్న తరగతులు మొదలుపెట్టే ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే జరిగింది. పుస్తకం అందుబాటులో లేకపోయినా, "నీళ్ళను మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగి ఆ మాటను నల్లబల్ల మీద తెలుగు లిపిలో రాస్తే చాలు. ఆ పూటకు వాడు తరగతికి టీచరు.

11. రాని పిల్లల పేర్లు మర్చిపోకండి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళ్తాయి. పాలమూరు సంగతి చెప్పక్కర్లేదు. పిల్లల్ని అట్టిపెట్టడానికి సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి, ఇంటింటికీ తిరిగి ఆ మాట చెప్పండి. అయినా కొందరు వెళ్తారు. వాళ్ళ చోటు అలాగే ఉంచి, తిరిగొచ్చిన రోజు అందరి ముందు "ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావ్?" అనకుండా ఒక జతగాణ్ణి ఇవ్వండి. వెనకబడిన పాఠాలు వాడే చెప్తాడు. రెండు రోజులు వరసగా రానివాళ్ళ ఇంటికి అదే వీధి పిల్లల్ని పంపండి, "టీచరు అడిగారు" అని చెప్పి రమ్మనండి. ఒంటి మీద దెబ్బలు, కాలిన మచ్చలు కనిపిస్తే మాత్రం పిల్లల చేత కబురు పంపే పని కాదు. హెచ్.ఎం.కు చెప్పి 1098కి ఫోన్ చేయాలి.

12. పనులు అందరికీ. లీడరు ఎప్పుడూ ఫస్టు వచ్చిన పిల్లే ఎందుకు కావాలి? చాక్‌పీసుల డబ్బా, బోర్డు మీద తేదీ, మొక్కలకు నీళ్ళు, బెల్లు, వారం వారం మారాలి. పేర్లు రాసి ఇచ్చే పని, అంటే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసే పని, ఎవరికీ ఇవ్వకండి.

13. ఇంటికి మంచి కబురు కూడా పంపండి. బడి నుంచి ఫోనంటే ఏదో కొంప మునిగిందనే అనుకుంటారు. "మీవాడు ఇవాళ చిన్నపిల్లలకు అన్నం వడ్డించాడమ్మా" అని ఒక్క ఫోన్ చేసి చూడండి, తర్వాతి మీటింగుకు పిలవకుండానే వస్తారు.

14. ఏప్రిల్లో, సెలవులకు ముందు, వచ్చే ఏడాది టీచరుకు ఒక కాగితం రాసిపెట్టండి. మార్కులు వద్దు, అవి రిజిస్టర్లో ఉంటాయి. తలా ఒక వాక్యం. "ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి చెప్పండి." "అందరిలో అడిగితే మాట్లాడదు, భోజనాల దగ్గర అడగండి." "వాళ్ళ నాన్న ఈమధ్యే పోయారు, తల్లిదండ్రుల గురించి వ్యాసం రాయించొద్దు." "బెల్లు కొట్టే పని ఇస్తే రోజూ వస్తాడు." అల్లరి పిల్లల గురించి ఫిర్యాదులు అందులో రాయకండి, కొత్త టీచరు ఆ సంగతి రెండో రోజుకే ఎలాగూ కనిపెడతారు.