కామాఠిపుర చాల్, నర్సింగ్ ప్రశ్న

తెలంగాణ నుంచి కూలిపనికి వెళ్లిన కామాఠీల పేరే ముంబైలో కామాఠిపురకు వచ్చింది. జీకేలో ఇదొక బిట్టు. నర్సింగ్ ఫైనల్‌కు మాత్రం అక్కడి చాల్, అంటే ఇరుకు గదుల వరస ఇల్లే, పెద్ద పాఠం.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. శాస్త్రవేత్త హాఫ్‌కిన్ టీకా తయారుచేసి 1897 జనవరి 10న ముందు తనకే పొడుచుకున్నాడు. ప్లేగు కారకం యెర్సినియా పెస్టిస్. అంటించేది ఎలుక ఒంటి మీది ఫ్లీ. మన పల్లెల్లో అనే 'గజ్జల్లో బిళ్ల కట్టడమే' బ్యూబో, అంటే వాచిన లింఫ్ గ్రంథి.

అసలు మార్కులు క్షయలో ఉన్నాయి. అదే చాల్‌లో పది అడుగుల గది, ఆరుగురు మనుషులు, మూసిన కిటికీ, మూల మంచం మీద దగ్గే తాత. దగ్గు తుంపర ఆరిపోయి 1-5 మైక్రాన్ల కణాలై గంటల తరబడి గాలిలో తేలుతుంది. ఊపిరితిత్తిలో మాక్రోఫేజ్ అందులోని క్షయ క్రిమిని మింగుతుంది, చంపలేకపోతుంది. చుట్టూ కణాలు గోడ కడతాయి: గ్రాన్యులోమా. లోపల జున్నులా మెత్తబడితే కేసియస్ నెక్రోసిస్. గోడ కరిగి గాలిగొట్టంలోకి తెరుచుకుంటే కేవిటీ. రక్తనాళం తెగితే కళ్లెలో నెత్తురు. ఈ వరుసను బట్టీ పట్టకండి, ఆ తాతకే చెబుతున్నట్టు చెప్పుకోండి.

చాలామంది తప్పేది మాస్కు దగ్గర. ఎన్95 నర్సుకు, సర్జికల్ మాస్కు రోగికి. క్షయకు చేసే మాంటూ చర్మ పరీక్ష చదివేది 48-72 గంటలకు. కొలవాల్సింది ఎరుపును కాదు, గట్టిపడిన వాపును. క్షయ మందు రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజరంగులోకి మారితే కంగారు వద్దు, మందు ఆపొద్దు.